16 ఏళ్ళ లోపు సైకిల్ రేసుల్లో గేర్ పరిమితి ఉంచాలా, ఎత్తేయాలా?

చైన్‌లైన్ (చర్చ మొదలుపెట్టినవారు)

17–18 ఏళ్ళ జూనియర్లకు రోడ్డు రేసుల్లో ఉన్న 7.93 మీటర్ల గేర్ పరిమితిని యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) 2023 జనవరి 1 నుంచి తీసేసింది. కొత్తవాళ్ళ కోసం ఒక్క ముక్క: పెడల్ ఒక పూర్తి చుట్టు తిరిగితే బండి ఎంత దూరం కదులుతుందో అదే ఈ కొలత. 7.93 అంటే దాదాపు 52×14, అంటే ముందు 52 పళ్ళు, వెనక 14. ఇప్పుడు పెద్ద గేరు 52×11 కూడా పెట్టుకోవచ్చు, అంటే చుట్టుకు 9.95 మీటర్లు.

ఇక మిగిలింది 13–16 వయసు. ఇక్కడ ఏ దేశపు సమాఖ్య నిర్ణయం దానిదే. బ్రిటన్‌లో 16 లోపు వారికి చాలా ఏళ్ళు 6.93 మీటర్ల హద్దు నడిచింది. పైవాళ్ళకు తీసేశారు కాబట్టి కిందివాళ్ళకూ తీసేయాలన్న వాదన ఇప్పుడు బలంగా వినిపిస్తోంది.

నా ఓటు ఉంచాలనే. 6.93 గేరులో కేడెన్స్ (నిమిషానికి పెడల్ చుట్లు) 100 ఉంటే వేగం 41.6 కిలోమీటర్లు, 110 అయితే 45.7, 120 అయితే 49.9. చదును రోడ్డు మీద ఆ వయసు గుంపు మామూలుగా వెళ్ళే వేగానికి ఇది చాలు. పరిమితి అడ్డొచ్చేది చివరి స్ప్రింట్‌లో, దిగుడులో మాత్రమే. కాళ్ళు వేగంగా తిప్పడం అలవాటయ్యే వయసు అదే, మోకాళ్ళూ నిలుస్తాయి. అభ్యంతరాలు చెప్పండి.

కొండదారి

మొదటి సగం సరే. మోకాళ్ళ మాట దగ్గరే మీరు మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టారు.

మోకాలి మీద బరువు పడేది ఎప్పుడు? పవర్ అంటే టార్క్ (తిప్పే బలం) ఇంటూ తిరిగే వేగం. 200 వాట్లు కేడెన్స్ 100 దగ్గర తొక్కితే క్రాంకు (పెడల్ తగిలించే కడ్డీ) మీద 19 న్యూటన్ మీటర్లు. అదే 200 వాట్లు 59 దగ్గర తొక్కితే 32. చదును రోడ్డు మీద పెద్ద గేరు ఉన్నా, దాన్ని 59లో ఈడ్చుకుంటూ ఏ పిల్లవాడూ గుంపులో నిలవలేడు, రెండు మలుపుల్లో వెనకబడతాడు. 59కి పడేది ఎక్కుడులో.

లెక్క చూడండి. 45 కిలోల రైడరు, 9 కిలోల బండి, 12 శాతం ఎక్కుడు. 200 వాట్లకి గంటకు సుమారు 10.7 కిలోమీటర్లు వస్తుంది. ముందు 36, వెనక 25 పళ్ళు ఉంటే కేడెన్స్ 59. ముందు 34, వెనక 32 ఉంటే అదే వేగానికి 80, టార్క్ 24కి దిగుతుంది. అంటే మోకాలిని కాపాడేది వెనక ఉన్న అతి పెద్ద స్ప్రాకెట్ (పళ్ళ చక్రం). మీ నియమం కొలిచేది అతి చిన్నదాన్ని.

పైగా వికటించిన సంగతి ఇంకొకటి. పరిమితి కోసం కొన్న 14–25 క్యాసెట్‌లో (వెనక స్ప్రాకెట్ల గుత్తిలో) కింది గేరు 25 దగ్గరే ఆగిపోతుంది. మోకాలి పేరు చెప్పి పెట్టిన రూలు, కొండ మీద మోకాలికే ఎసరు పెట్టింది.

చైన్‌లైన్

25తో ఆగమని రూలు ఎక్కడా అనలేదు కదా. 14–28 క్యాసెట్లు కూడా వచ్చాయి. క్యాసెట్ ఎంచుకోవడంలో జరిగిన తప్పుని రూలు ఖాతాలో వేయకండి.

కొండదారి

వచ్చాయి, 11 స్పీడ్‌లో (వెనక 11 స్ప్రాకెట్లవి). 12 స్పీడ్ గ్రూప్‌సెట్లు (గేర్ల సామాను) వచ్చాక 14తో మొదలయ్యేవి వెతుక్కోవలసి వస్తోంది. దొరికిన 11–34ని స్క్రూ తిప్పి మూయడమే దారి అంటున్నారు అందరూ. అది ఎంత గోలో స్పానర్ బాబాయ్ చెప్పాలి.

స్పానర్ బాబాయ్

పిలిచారు కాబట్టి. ముందు కొలత సంగతి తేలుద్దాం, ఎక్కువమంది ఓడిపోయేది అక్కడే.

నేల మీద రెండు గీతలు గీస్తారు, మధ్య దూరం పరిమితి ఎంతో అంత. బండిని అతి పెద్ద గేరులో పెట్టి, ఒక క్రాంకుని నిటారుగా కిందికి తెచ్చి మొదటి గీతకి సరిపెడతారు. అక్కణ్ణించి బండిని వెనక్కి నడిపిస్తారు. వెనక్కే ఎందుకంటే, ముందుకు తోస్తే ఫ్రీహబ్ (వెనక చక్రం నడుమ ఒకవైపే పట్టే భాగం) జారిపోయి క్రాంకు కదలదు. వెనక్కి తోస్తే హబ్ లోపలి పాల్స్ (కొక్కేలు) పట్టుకుని చక్రంతోపాటు క్రాంకు కూడా వెనక్కి తిరుగుతుంది. ఒక చుట్టు పూర్తయి క్రాంకు మళ్ళీ కిందికి వచ్చేసరికి రెండో గీత దాటకూడదు. దాటితే ఆ బండితో స్టార్ట్ లైన్‌కి రానివ్వరు, రేసు తర్వాత దొరికితే ఫలితం పోతుంది.

ఇప్పుడు టైరు. 46×14 అంటే 6.93కి సరిపోయే గేరు అని కళ్ళు మూసుకుని చెబుతారు. 25 మిల్లీమీటర్ల టైరు చుట్టుకొలత 2105 మి.మీ. దాంతో 46×14 వచ్చేది 6.916 మీటర్లు. మిగిలింది 14 మిల్లీమీటర్లు, బొటనవేలు వెడల్పు కూడా లేదు. అదే 28 టైరు వేస్తే చుట్టుకొలత 2136, గేరు 7.018, గీత దాటి 88 మిల్లీమీటర్లు బయట. పళ్ళు ఒక్కటి కూడా మారలేదు, టైరు మారింది అంతే. పాత జూనియర్ హద్దులోనూ ఇదే తంతు: 25 టైరుతో 52×14 హాయిగా 7.82. 28తో 7.934, అంటే 4 మిల్లీమీటర్లు ఎక్కువ.

వెడల్పు రిమ్ముల మీద టైరు రాసి ఉన్న సైజు కన్నా ఉబ్బుతుంది. కాబట్టి పట్టికలో అంకె నమ్ముకోకుండా చక్రం మీద సుద్దతో గుర్తు పెట్టి, రేసుకి కొట్టే గాలితోనే ఒక చుట్టు దొర్లించి టేపుతో కొలవండి.

28 టైరు వదలనంటే 45×14 (6.87) లేదా 48×15 (6.84) పెట్టుకోండి. ముందున్న చిన్న రింగు 36 మీద వెనక 11 వాడితే 25 టైరుతో 6.89 వస్తుంది. కాగితం మీద పాసే. కానీ పెద్ద రింగు బండి మీద ఉంటే కొలిచేవాళ్ళు దాని మీదే కొలుస్తారు. అది విప్పేసినా, లోపలి రింగు నుంచి బయటి చిన్న స్ప్రాకెట్‌కి చైను ఏటవాలుగా పోయి శబ్దం చేస్తుంది. 11 పళ్ళ మీద చైను బాగా వంగి తిరగాలి కాబట్టి అరుగుదలా ఎక్కువే.

గాలిపంపు

బాబాయ్, 52 తీసి 46 రింగు వేస్తే చాలా, ఇంకేమైనా మార్చాలా?

స్పానర్ బాబాయ్

చాలదు. 6 పళ్ళ తేడా అంటే రింగు వ్యాసార్ధంలో 12 మిల్లీమీటర్లు. ముందు డిరెయిలర్‌ని (ముందు రింగుల మధ్య చైను మార్చేదాన్ని) అంత కిందికి దించాలి. దాని కేజ్ (చైను దూరే చట్రం) బయటి అంచుకీ రింగు పళ్ళకీ మధ్య 1 నుంచి 3 మి.మీ. సందు ఉండాలి. కొన్ని ఫ్రేముల్లో బిగించే హ్యాంగర్ గాడి అంత కిందికి రాదు, ముందే చూసుకోండి. వచ్చినా కేజ్ వంపు పెద్ద రింగుకి చేసినది కాబట్టి షిఫ్టింగ్ కాస్త మొండిగానే ఉంటుంది. చైను రెండు లింకులు తీయాలి. తీయకపోతే ముందు చిన్న రింగు, వెనక చిన్న స్ప్రాకెట్ మీద ఉన్నప్పుడు వెనక డిరెయిలర్ చైనుని బిగువుగా పట్టలేదు, గతుకు రోడ్డు మీద చైను ఊడుతుంది.

ఇక స్క్రూతో మూయడం. వెనక డిరెయిలర్‌కి రెండు లిమిట్ స్క్రూలుంటాయి. హెచ్ అని ఉన్నది బయటివైపు, చిన్న స్ప్రాకెట్ దగ్గర ఆపడానికి. దాన్ని లోపలికి బిగిస్తే చైను చివరి స్ప్రాకెట్‌కి పోదు. ఒకటి, మహా అయితే రెండు స్ప్రాకెట్లు మూయడానికే దాని పొడవు సరిపోతుంది. 11, 12, 13 మూడూ మూయాలంటే చాలాసార్లు పొడవైన స్క్రూ వెతుక్కోవాలి.

అసలు తలనొప్పి వేరు. రెండు స్ప్రాకెట్లు మూశారు. కానీ షిఫ్టర్‌కి (హ్యాండిల్ మీద గేరు మార్చేదానికి) ఆ సంగతి తెలియదు. స్ప్రింట్‌లో పిల్లవాడు కంగారులో లివర్ రెండుసార్లు ఎక్కువ నొక్కుతాడు, షిఫ్టర్ టిక్కు టిక్కుమని వదులుతుంది, డిరెయిలర్ కదలదు, కేబుల్ వదులవుతుంది. తర్వాత తేలిక గేరు కావాలంటే మొదటి రెండు నొక్కులు ఆ వదులు లాగడానికే సరిపోతాయి, మూడో నొక్కుకి గానీ గేరు మారదు. మలుపులో బ్రేకు వేసి బయటికొచ్చేటప్పుడు ఈ రెండు ఉత్తుత్తి నొక్కులే గుంపుకీ ఇతనికీ మధ్య పది మీటర్లు తెస్తాయి.

దానికి మందు: కేబుల్ క్లాంప్ వదులు చేసి, షిఫ్టర్ పూర్తిగా వదిలిన స్థితిలో ఉండగా డిరెయిలర్ సరిగ్గా అనుమతి ఉన్న మొదటి స్ప్రాకెట్ కింద నిలిచేలా మళ్ళీ బిగించండి. అప్పుడు ఉత్త నొక్కులు ఇటువైపు ఉండవు, లోపలివైపుకి పోతాయి. జాగ్రత్త ఇక్కడే: అతి పెద్ద స్ప్రాకెట్ దాటాక కూడా షిఫ్టర్‌కి రెండు నొక్కులు మిగిలి ఉంటాయి. ఎల్ స్క్రూ సరిగ్గా లేకపోతే ఎక్కుడులో చైను స్పోకుల్లోకి దూకుతుంది, డిరెయిలర్ కూడా దాని వెంటే పోతుంది. బండిని స్టాండుకెక్కించి, లివర్ గట్టిగా నొక్కి పట్టి, చేత్తో డిరెయిలర్‌ని లోపలికి తోసి చూడండి. స్పోకుల వైపు కదలకూడదు.

హ్యాండిల్‌బార్

కొన్ని పోటీల్లో స్క్రూతో మూసిన గేరుని ఒప్పుకోరు, స్ప్రాకెట్టే ఉండకూడదంటారు. రూలు పుస్తకం చదవకుండా బండి సిద్ధం చేయకండి. క్యాసెట్ మార్చేటప్పుడు దాన్ని పట్టి ఉంచే లాక్‌రింగ్ 40 న్యూటన్ మీటర్లకి బిగించండి. 11తో మొదలయ్యే క్యాసెట్ లాక్‌రింగ్ వ్యాసం చిన్నది, 14తో వచ్చినదాన్ని దానికే వాడండి.

చివరి ల్యాప్

స్క్రూలూ టైర్లూ సరే, అసలు ప్రశ్నకి వస్తాను. పరిమితి ఉండాలనడానికి మోకాలి కన్నా గట్టి కారణం ఒకటుంది, ఎవరూ ఎత్తలేదు. 14 ఏళ్ళ గుంపులో ఒకడికి మీసం వచ్చేసి ఉంటుంది, పక్కవాడికి ఇంకా గొంతు కూడా మారి ఉండదు. ఇద్దరికీ ఒకే రేసు. ముందే ఎదిగినవాడికి కండ ఉంది, పెద్ద గేరు ఇస్తే చివరి 200 మీటర్లు 52×11తో నెట్టి గెలుస్తాడు. రెండోవాడు ఎంత తెలివిగా గాలి తగలకుండా ముందువాడి చక్రం వెనక దాక్కున్నా లాభం లేదు. 6.93 హద్దులో అయితే 54 కిలోమీటర్ల వేగానికి ఇద్దరూ 130 తిప్పాల్సిందే. అక్కడ కండ కన్నా కాళ్ళ చురుకు, ఎప్పుడు బయటికి రావాలన్న లెక్క పనికొస్తాయి. రెండేళ్ళలో ఎదగబోయేవాడు అప్పటిదాకా ఆటలో ఉండాలి కదా.

పరిమితి వల్ల ప్రతిభ ఆగిపోతుందనేవాళ్ళకి: బెల్జియం రైడరు రెమ్కో ఈవెన్‌పూల్ 2018లో ఇన్స్‌బ్రుక్‌లో జూనియర్ ప్రపంచ రోడ్ రేసు, టైమ్ ట్రయల్ రెండూ గెలిచింది 7.93 హద్దులోనే. మరుసటి ఏడాదే 19 ఏళ్ళకి ప్రొఫెషనల్‌గా శాన్ సెబాస్టియన్ క్లాసిక్ గెలిచాడు.

కొండదారి

ఒక్క రెమ్కోని చూపించి రూలు రాయకూడదన్నా. అతను పరిమితి లేకపోయినా గెలిచేవాడు, ఉన్నా గెలిచాడు. దాన్నిబట్టి పరిమితి అడ్డం కాదని తేలుతుంది, మేలు చేసిందని తేలదు. ఎదుగుదల తేడా మాట మాత్రం ఒప్పుకుంటాను, అది నిజమైన వాదన. కానీ అదే అసలు కారణమైతే అలాగే చెప్పి రాయండి, మోకాళ్ళని మధ్యలోకి లాగకండి.

దిగుడు సంగతి కూడా చూడండి. 6.93తో 55 దాటాక కాళ్ళు ఖాళీగా తిరుగుతాయి. పిల్లలు తొక్కడం మానేసి ముడుచుకుంటారు, పెద్దవాళ్ళని చూసి టాప్ ట్యూబ్ (ఫ్రేము పై గొట్టం) మీద కూర్చుంటారు. ఆ భంగిమని యూసీఐ 2021 ఏప్రిల్ నుంచి నిషేధించినా అలవాటు పోలేదు. తొక్కుతూ దిగేవాడికి బండి మీద పట్టు ఎక్కువ.

చివరి ల్యాప్

65 కిలోమీటర్ల వేగంతో మలుపులోకి తొక్కుకుంటూ పోయే 13 ఏళ్ళవాడి పట్టు మీద నాకంత నమ్మకం లేదు. ముడుచుకున్నా సరే, చేతులు డ్రాప్స్ (హ్యాండిల్ కింది వంపులు) మీద, వేళ్ళు బ్రేకు మీద, క్రాంకులు అడ్డంగా ఉంటే చాలు. అది నేర్పేది కోచ్, గేరు కాదు.

హ్యాండిల్‌బార్

క్రాంకు పొడవు గురించి ఒక్కరూ మాట్లాడలేదు, విచిత్రం. 150 సెంటీమీటర్ల పిల్లకి పెద్దల బండితో వచ్చిన 172.5 మి.మీ. క్రాంకు తగిలించి, గేరు గురించి పేజీలు పేజీలు కొట్టుకుంటున్నాం. పెడల్ పైకొచ్చినప్పుడు మోకాలు ఎంత ముడుచుకుంటుందో చూడండి. ఆ ఎత్తుకి 155 నుంచి 160 మధ్యలో పెట్టి, సీటు అంతే పైకి జరపండి. 172.5 నుంచి 160కి వస్తే సీటు 12.5 మి.మీ. పైకి. పెడల్ పైన ఉన్నప్పుడు మోకాలు ఆ రెండూ కలిసి 25 మి.మీ. తక్కువ ముడుచుకుంటుంది. 10–15 ఏళ్ళ మధ్య మోకాలి చిప్ప కింద, ఎముక బొడిపె దగ్గర నొప్పి వస్తే అది ఆస్గుడ్ ష్లాటర్ కావచ్చు, ఎదిగే ఎముక మీద తొడ కండరం లాగడం వల్ల వచ్చేది. గేరు మార్చి ఊరుకోకుండా డాక్టరుకి చూపించాలి.

చైన్‌లైన్

సరే, నా మొదటి పోస్టులో మోకాళ్ళ మాట వెనక్కి తీసుకుంటున్నాను. పరిమితి ఉంచాలనే మాట మీదే ఉన్నాను, చివరి ల్యాప్ గారు చెప్పిన కారణానికి. కొండదారి గారి మాట కూడా కలిపితే రూలు ఇలా ఉండొచ్చు: పైన 6.93 హద్దు, కొండ ఉన్న రేసుల్లో కింద 34×32 లేదా అంతకన్నా తేలిక గేరు తప్పనిసరి. కింది హద్దు చూడడం కూడా తేలికే, పళ్ళు లెక్కపెడితే చాలు.

కొండదారి

కింది హద్దుకి సై. పై హద్దు మీద రాజీ లేదు, 15 దాటినవాళ్ళకైనా తీసేయండి.

స్పానర్ బాబాయ్

మీరు తేల్చుకునేలోపు ఇంకో సంగతి. పంక్చర్ అయి తోటివాడి చక్రం అరువు తీసుకుంటే అందులో క్యాసెట్ 11తో మొదలవుతుంది. మీ బండికి స్క్రూతో మూయడం లేదు, రింగు 46. గీత దగ్గర 46×11 వచ్చేది 8.80 మీటర్లు. రేసుకి తెచ్చే స్పేర్ చక్రాల క్యాసెట్లు కూడా ముందు రోజే లెక్కపెట్టుకోండి.