సమస్యాపూరణం: "నీలి సిరను బోయ నెత్తురాయె"

మడికొండ (నిర్వాహకుడు): ఈ వారం పాదం పైన ఉన్నదే, ఆటవెలదికి చివరి పాదంగా వాడండి. తట్టినప్పటి నుంచీ నన్ను వదలడం లేదు, అందుకే శనివారం దాకా ఆగకుండా ఇప్పుడే పెడుతున్నా. షరతు ఒక్కటే: బుడ్డిలో ఉన్నది అచ్చమైన నీలి సిరానే కావాలి. ఎర్ర సిరా కలిపాను అని తప్పించుకుంటే ఒప్పుకోను. పెన్ను, పాళీ, కాగితం మీ ఇష్టం.

జనగామ తమ్ముడు: ముందు నేనే.

తెల్ల చొక్కా జేబు తీరని మరకాయె
అమ్మ చూపు చూడ నగ్గి కురిసె
కంటి కొనల నామె కమ్మిన రంగేమొ
నీలి సిరను బోయ నెత్తురాయె

సుబేదారి అక్క: తమ్మీ, "అగ్గి కురిసె" బ్రహ్మాండం. మూడో పాదంలో రంగేమని అడిగి, సమస్యనే జవాబుగా కూర్చోబెట్టడం ఇంకా నచ్చింది. కానీ మొదటి పాదంలోనే కాలు జారింది. "చొక్కా" దీర్ఘం గణాన్ని మింగేసింది. "చొక్క" అంటే సరిపోతుంది.

జనగామ తమ్ముడు: చొక్క అని ఎవరంటరక్కా? మా ఇంట్ల అంగీ అనే అంటరు. "తెల్లటంగి జేబు" అని మారుస్తున్నా, గణమూ కుదిరింది, మాటా మాదే.

కరీంనగర్ సార్: తెల్లటంగి! ఈ ఒక్క మార్పుతో పద్యం మన ఊరిదైంది. ఆ మరక ఎందుకైందో కూడా చెప్తా విను. నీది గాజు ఫిల్లర్‌తో నేరుగా గొట్టంలోకే సిరా పోసే రాజమండ్రి ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను కదా. సగం ఖాళీ అయ్యాక లోపల గాలి చేరుతుంది, ఒంటి వేడికీ చేతి వేడికీ ఆ గాలి వ్యాకోచించి సిరాను పాళీ లోంచి తోసేస్తుంది. సిరా సగానికి రాగానే మళ్ళీ నింపు, జేబులో పాళీ పైకి ఉండేలా పెట్టుకో. అంగీ బతుకుతుంది. ఇక నా పూరణ:

బుడ్డి మూత విరిగి బొటవేలు తెగిపాయె
కారె సిరను గలసి గాయ ధార
నవ్వకోయి మిత్ర నాబాధ నిజమోయి
నీలి సిరను బోయ నెత్తురాయె

కాజీపేట జంక్షన్: సార్, నడక మీదే, అనుమానం లేదు. "బొటవేలు తెగిపాయె" రెండు గణాలూ ఒకే తీరున పడి చెవికి ఇంపుగా ఉన్నాయి. కానీ వేలు తెగితే నెత్తురు రావడంలో వింతేముంది? సమస్య విడిపోవాలి గానీ ఆసుపత్రికి పోవద్దు.

ఓరుగల్లు పాళీ: నేను సిరానే నమ్ముకున్నా, కళ్ళనూ వేళ్ళనూ కాదు.

నునుపు కాగితాన నూనెలా మెరసెను
వాలు వెలుగులోన వన్నె మారె
అద్దు కాగితమున నద్దక విడువగా
నీలి సిరను బోయ నెత్తురాయె

డయమైన్ అనే సిరా కంపెనీ వాళ్ళ మెజెస్టిక్ బ్లూ లాంటి రంగు చిక్కటి సిరాను, ధారాళంగా కారే వెడల్పు పాళీలో పోసి, టొమోయె రివర్ లాంటి పీల్చుకోని కాగితం మీద రాయండి. రంగంతా లోపలికి ఇంకకుండా పైనే పేరుకుని ఎండుతుంది. ఎదురుగా చూస్తే ముదురు నీలం, పుటను దీపానికి వాల్చి చూస్తే అక్షరం అంచుల్లో, గీత తిరిగిన చోట, సిరా ఆగిన చోట ఎర్రటి మెరుపు. ఎర్ర చుక్క ఒక్కటి కూడా కలపలేదు, షరతు నిలబడింది.

సుబేదారి అక్క: అమ్మో! మూడో పాదం చూశారా, పద్యానికి ప్రాణం అక్కడుంది. అద్దితే పై పొర పోతుంది, ఎరుపూ పోతుంది. అద్దకుండా వదిలేయడమే ఉపాయమని ఇలా పద్యంలో చెప్పడం పెన్ను పట్టి రాసేవాళ్ళకే చేతనవుతుంది.

కాజీపేట జంక్షన్: అందం ఒప్పుకుంటా, రెండు మాటలు మాత్రం అడగాలి. ఒకటి, మెరుపును నెత్తురు అనవచ్చా? రెండు, "నూనెలా" ఏమిటి? మిగతా పద్యమంతా "వన్నె", "అద్దక" అంటూ గ్రాంథికంలో నడిచి ఒక్కచోట బజారు మాట పడింది. పోయిన నెల "రాత్రి రాత పగలు రంగు మార్చె" అన్న సమస్యకు నేను కరక్కాయ సిరా తెస్తే, "పెన్ను పూడుకుపోతుంది, పద్యం అబద్ధం" అని తమరు మూడు పేరాలు రాశారు. నేను మరిచిపోలేదు.

ఓరుగల్లు పాళీ: నేనూ మరిచిపోలేదు. కరక్కాయ కషాయంలో అన్నభేది, అంటే ఇనుప లవణం, వేస్తే నల్లబడే మాట నిజం, తాతలు రాసిన సిరా అదే. గాలి తగిలాకే అందులోని ఇనుము నల్లగా మారుతుంది, అందుకే రాత్రి పలచగా కనపడిన రాత పొద్దున చిక్కబడుతుంది. ఆ కిటుకు అమోఘం, నేనప్పుడూ కాదనలేదు. కానీ మీ మూడో పాదంలో "పెన్ను నింపి" అన్నారు. ఇంట్లో కాచిన ఆ మడ్డి సిరా పెన్నులో పోస్తే సన్నటి దారులన్నీ మూసుకుపోతాయి. "కలము ముంచి" అని ఉంటే చప్పట్లు కొట్టేవాడిని.

కాజీపేట జంక్షన్: పెన్నుల కోసమే పలచగా చేసిన ఇనుప సిరాలు ఉన్నాయి. ప్లాటినం కంపెనీ బ్లూ బ్లాక్ అలాంటిదే, ఎన్నాళ్ళ నుంచో వాడుతున్నా, నెలకోసారి కడుగుతా, ఇప్పటిదాకా ఆగలేదు.

కరీంనగర్ సార్: ఇద్దరూ నిజమే చెప్తున్నారు, వేర్వేరు సిరాల గురించి. ఇనుప సిరాను పెన్నులో ఎండనివ్వకూడదు, అంతే. ఇప్పటి సమస్యకు రండి.

కాజీపేట జంక్షన్: వచ్చా సార్. ఓరుగల్లు పాళీ చెప్పిన సిరానే నా దగ్గరున్న రూళ్ళ నోటుబుక్కులో రాసి చూశాను. ఎరుపు ఇసుమంత లేదు.

ఓరుగల్లు పాళీ: రాదు. ఆ కాగితం పీల్చేస్తుంది. అందుకే మొదటి మాటే "నునుపు" అని పెట్టా. పాళీ కూడా సన్నది వాడి ఉంటారు. నా దగ్గరి కాగితాలు నాలుగు పంపిస్తా, వెడల్పు పాళీతో రాసి తడి పూర్తిగా ఆరేదాకా ముట్టుకోకండి, చెమట వేలు తగిలినా అలుక్కుపోతుంది.

జనగామ తమ్ముడు: అన్నా, అలుక్కుపోయే సిరా పరీక్షకు పనికొస్తదా?

ఓరుగల్లు పాళీ: అస్సలు వద్దు తమ్మీ. పరీక్షకు త్వరగా ఆరే మామూలు నీలం, సన్న పాళీ. ఇది ఉత్తరాలకూ పద్యాలకూ.

సుబేదారి అక్క: "నూనెలా" సంగతి తేలలేదు. నాకూ అక్కడ కొంచెం గుచ్చుకుంటోంది.

కాజీపేట జంక్షన్: కాగితాలు ఈరోజే అందాయి. రాశాను. కిటికీ దగ్గర వాల్చి చూశాను. నెత్తురే, మెరుపు అని తీసేయడానికి లేదు, నా మొదటి ప్రశ్న వెనక్కి. రెండోదానికి నేనే సవరణ ఇస్తున్నా: "నునుపు కాగితాన నూనె వోలెను దేలె". భాషా కుదురుతుంది, రంగు పైన తేలి ఎండుతుందన్న మీ మాటా అందులోకి వస్తుంది. "మెరసెను" కన్నా ఇదే నిజం.

ఓరుగల్లు పాళీ: "దేలె" నాకు తట్టనేలేదు. యథాతథంగా తీసుకుంటున్నా.

మడికొండ (నిర్వాహకుడు): ఈ వారానికి ఓరుగల్లు పాళీ పూరణ, మొదటి పాదం కాజీపేట సవరణతో. తెల్లటంగికి రెండో స్థానం. కరీంనగర్ సార్, వచ్చేవారం పాదం మీరు ఇవ్వాలి.