ఏసీ ఆగకుండా తిరుగుతూనే ఉంది, అయినా మోటార్‌హోమ్ లోపల 34 డిగ్రీలు, ఏం చెయ్యాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. మాది ఏడు మీటర్ల మోటార్‌హోమ్ (లోపలే మంచం, వంటిల్లు ఉండే బండి), పైన 13,500 బీటీయూ (ఏసీ చల్లదనం కొలత) ఏసీ ఒక్కటే ఉంది. నాలుగు రోజులుగా మాడు పగిలే ఎండ, బయట 43, 44 దాకా పోతోంది. పొద్దున పదకొండింటి దాకా హాయిగానే ఉంటుంది, ఆ తర్వాత ఏసీ ఒక్క నిమిషం ఆగదు, అయినా మూడింటికల్లా లోపల 34. నిన్న మధ్యాహ్నం మంచం పక్క గోడకి చెయ్యి ఆనిస్తే పొయ్యి మీద పెనాన్ని తాకినట్టు చురుక్కుమంది. మాతో అమ్మ ఉంది, బీపీ మనిషి, కళ్ళు తిరుగుతున్నాయంటే తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి కూర్చోబెట్టా, అప్పట్నుంచీ నా మనసు మనసులో లేదు. ఇంకో ఏసీ పెట్టించాలా? గ్యాస్ తగ్గిందా? ఏసీతో పాటు వాటర్ కూలర్ కూడా పెడితే పనికొస్తుందా? తెలిసినవాళ్ళు కొంచెం త్వరగా చెప్పండి ప్లీజ్.

రిప్లై 1:
ముందు కూలర్ సంగతి. వద్దు బ్రదర్. కూలర్‌కి కిటికీ తెరిచి ఉండాలి, ఏసీకి మూసి ఉండాలి, రెండూ కలిపి పెడితే కూలర్ వదిలే తేమని నీళ్ళుగా మార్చడానికే ఏసీ శక్తంతా పోతుంది.

గ్యాస్ గురించి కూడా తొందరపడకండి, ఇలాంటి రూఫ్ ఏసీల్లో చాలావరకు గ్యాస్ లైను ఫ్యాక్టరీలోనే సీల్ చేసి ఇస్తారు, ఇంట్లో స్ప్లిట్ ఏసీకి పట్టించినట్టు పట్టించడానికి నాజిల్ కూడా ఉండదు. ఏసీ బాగుందో లేదో తెలియాలంటే ఒక చిన్న థర్మామీటర్ చాలు. అరగంట నడిచాక ఏసీ గాలి లాక్కునే జాలీ దగ్గర ఒకసారి, చల్లగాలి వదిలే రంధ్రానికి బాగా దగ్గరగా ఒకసారి చూడండి. తేడా 9 నుంచి 11 డిగ్రీలు వస్తే మెషీన్ తన పని తాను చేస్తున్నట్టే, అంతకు మించి అది ఇవ్వలేదు. ఐదారే వస్తే మాత్రం అన్నిటికంటే ముందు సీలింగ్ కవర్ విప్పండి (కరెంటు ప్లగ్ పూర్తిగా పీకేశాకే). లోపల చల్లగాలి వెళ్ళే దారికీ వేడిగాలి వచ్చే దారికీ మధ్య ఒక అడ్డుగోడ ఉంటుంది, దాని అంచుల్లో సందు ఉంటే చల్లగాలి మంచం దాకా రాకుండానే వెనక్కి ఏసీలోకే పోతుంది. కొత్త బండ్లలో కూడా ఇది చాలాసార్లు చూశాను, ఎవరూ పట్టించుకోరు, నాకు నిజంగా బాధేస్తుంది, జనం ఊరికే రెండో ఏసీ కొనేస్తారు. అల్యూమినియం ఫాయిల్ టేపు తీసుకుని ఆ సందులన్నీ గట్టిగా మూసెయ్యండి. మామూలు ప్లాస్టిక్ టేపు వద్దు, ఆ వేడికి నాలుగు రోజుల్లో జిగురు కారి ఊడొస్తుంది.

అలాగే ఫిల్టర్ కడగండి, పైకెక్కి ఏసీ మూత తీసి వెనక రేకుల్లో పేరుకున్న దుమ్ము మెత్తటి బ్రష్‌తో దులపండి.

రిప్లై 2:
పైన చెప్పింది కరెక్టే, కానీ ఇందులో ముందు అద్దం గురించి ఎవరూ మాట్లాడట్లేదు. ఎండ తిన్నగా పడితే చదరపు మీటరుకి సుమారు 1000 వాట్లు. మోటార్‌హోమ్ ముందు అద్దం ఎంత లేదన్నా రెండు చదరపు మీటర్లు, అందులో సగం వేడి లోపలికొచ్చినా ఒక కిలోవాట్, అంటే ఒక హీటర్ ఆన్ చేసి వదిలేసినట్టే. మీ 13,500 బీటీయూ ఏసీ మొత్తం కలిపి బయటికి తోసేది దాదాపు 4 కిలోవాట్లు. నాలుగో వంతు ఆ అద్దానికే సరి!

లోపల వెండిరంగు షీటు పెట్టడం కంటే అద్దానికి బయట కవర్ వెయ్యడం చాలా మేలు, ఎందుకంటే లోపల పెడితే వేడి అప్పటికే అద్దం దాటి వచ్చేసి షీటుకీ అద్దానికీ మధ్య ఉండిపోతుంది. పైకప్పు వెంట్లకీ బాత్రూం మీది స్కైలైట్‌కీ లోపలి నుంచి దళసరి ఫోమ్ ముక్క కోసి బిగించండి. బండి ఆపేటప్పుడు పెద్ద కిటికీలు పడమటి ఎండకి పెట్టకండి, ముక్కు ఎటు తిప్పితే ఆ పక్క నీడొస్తుందో దిగి చూసి అప్పుడు పార్క్ చెయ్యండి, పది నిమిషాలు పట్టినా పర్లేదు. ఇంకోటి, లోపల వేడెక్కాక ఏసీ వేస్తే అది ఎప్పటికీ అందుకోలేదు, గోడలూ పరుపులూ అల్మారాలూ అన్నీ వేడి పట్టేసి ఉంటాయి కదా, పొద్దున్నే ఏడింటికే వేసేసి అవన్నీ చల్లబడనివ్వండి. వంట బయటే.

రిప్లై 3:
వోల్టేజీ చూశారా? మధ్యాహ్నం పక్క బండ్లన్నీ ఒకేసారి ఏసీలు వేస్తే లైన్లో వోల్టేజీ పడిపోతుంది, కంప్రెసర్ మూలుగుతూ స్టార్ట్ అవుతుంది, అలాగే నడిపితే కాలిపోతుంది. ఏసీ మీద రాసిన వోల్టేజీ కంటే పది శాతం మించి తగ్గితే ఆపేయడమే మంచిది. వోల్టేజీ తగ్గితే తనంతట తనే కట్ చేసే ప్రొటెక్టర్ ఒకటి పెట్టుకోండి. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు అస్సలు వాడొద్దు, ప్లగ్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి, పట్టుకోలేనంత కాలుతుంటే వెంటనే ఆపండి. నా కేబుల్ ప్లగ్ పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి మెత్తబడిపోయింది, ఇంకో రోజు అలాగే వదిలేసుంటే నిప్పే.

ప్రశ్న అడిగిన వ్యక్తి:
అందరికీ చాలా థ్యాంక్స్. తేడా కొలిస్తే 6 డిగ్రీలే వచ్చింది. కవర్ విప్పితే రిప్లై 1 లో చెప్పినట్టే అడ్డుగోడ పక్కన రెండు వేళ్ళు దూరేంత సందు, అక్కడ చెయ్యి పెడితే ఐసులా ఉంది! టేపు వేశాక తేడా 10 కి వచ్చింది. ముందు అద్దానికి బయట నుంచి తెల్ల గుడ్డ కట్టా, ఇవాళ మూడింటికి బయట 43, లోపల 29. అమ్మ మధ్యాహ్నం పడుకుంది, నాలుగు రోజుల తర్వాత. ఫ్రిజ్ మాత్రం ఇంకా సరిగ్గా చల్లబడట్లేదు, వంటగ్యాస్ మీద కూడా నడిచే టైపు.

రిప్లై 1:
చాలా సంతోషం. ఆ టైపు ఫ్రిజ్‌కి బండి సమంగా నిలబడాలి, వెనక వేడి పైకి పోవాలి. బయట గోడకి ఉన్న జాలీ తీసి పై భాగంలో చిన్న కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి బిగించండి, గాలి పైకి తోసేలా. వీలైతే ఆ పక్కకి ఆనింగ్ (బండి పక్కకి చాపే గుడ్డ పందిరి) నీడ పడేలా చూసుకోండి.

అమ్మగారి విషయంలో మాత్రం ఒకటి గట్టిగా చెప్తున్నా. కరెంటు పోతే ఏం చెయ్యాలో ఇప్పుడే అనుకోండి, ఏసీ ఆగితే అరగంటలో బండి కొలిమి అయిపోతుంది. లోపల 40 దాటితే పొడి ఒంటికి ఫ్యాన్ గాలి మేలు చెయ్యదు, వేడినే ఒంటికి కొడుతుంది. ఆవిడ మాట తడబడినా, తికమకగా మాట్లాడినా, ఒళ్ళు కాలిపోతున్నా అది ఎండదెబ్బ, ఒళ్ళు తడిపి విసురుతూనే అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యాలి, కాసేపు చూద్దాం అనుకోవద్దు. రోజులు మీ చేతుల్లో ఉంటే కొండ ప్రాంతానికి కదలండి, వెయ్యి మీటర్లు పైకెక్కితే ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. బయల్దేరే ముందు పొద్దున టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడండి, దారిలో వేడెక్కి ప్రెషర్ పెరిగిందని మధ్యలో గాలి తియ్యొద్దు.