ఎముక గుల్లబారిన నడుముకు స్క్రూలు: సిమెంటు ఎంత?

ప్రశ్న (గుంటూరు): 71 ఏళ్లావిడ, ఎల్4 (నడుములో నాలుగో వెన్నుపూస) ముందుకు జారింది, కాలు లాగుతోంది. టీ-స్కోర్ (ఎముక సాంద్రత కొలత) మైనస్ 3.1. మామూలు స్క్రూలు పట్టు నిలుస్తాయా సార్?

జవాబు (విజయవాడ): కష్టమండీ. సీటీలో ఎల్1 (నడుములో మొదటి వెన్నుపూస) హౌన్స్‌ఫీల్డ్ విలువ (స్కాన్‌లో ఎముక సాంద్రత చూపే అంకె) కూడా చూడండి, 110 లోపుంటే పట్టు మీద ఆశ పెట్టుకోవద్దు. ట్యాప్ (స్క్రూ కోసం ఎముకలో ముందుగా మరలు కోసే పనిముట్టు), వేసే స్క్రూ కన్నా 1 మి.మీ. సన్నగా ఉండాలి. రంధ్రాల స్క్రూ (లోపలి నుంచి సిమెంటు ఎముకలోకి వెళ్లేది) వేస్తే ఒక్కోదానికి 1.5–2 మి.లీ. ఎముక సిమెంటు చాలు. పల్చగా ఉండగా తోస్తే సిరల్లోకి జారి ఊపిరితిత్తులకు చేరుతుంది, అదే అసలు భయం. టూత్‌పేస్టులా చిక్కబడ్డాకే, సీ-ఆర్మ్‌లో (ఆపరేషన్‌లో వాడే ఎక్స్‌రే యంత్రం) పక్కనుంచి చూస్తూ మెల్లగా ఎక్కించండి. సిమెంటు వెన్నుపూస వెనక మూడో వంతుకు రాగానే ఆపేయాలి.

ఇంకొకరు: సిమెంటు గట్టిపడేదాకా స్క్రూలను కలిపే రాడ్ బిగించొద్దు.

మరొకరు: ఆపరేషన్‌కు తొందర లేకపోతే ముందు విటమిన్ డి సరిచేసి, టెరిపారటైడ్ (ఎముకను పెంచే ఇంజెక్షన్) రోజుకు 20 మైక్రోగ్రాములు మొదలెట్టండి. గతంలో ఎముకలకు రేడియేషన్ ఇచ్చి ఉంటే మాత్రం ఈ మందు వద్దు.