అప్‌డేట్: మా అమ్మాయి ఎ-లెవెల్‌లో ఇంగ్లిష్ లిటరేచరే తీసుకుంది

ఎ-లెవెల్‌లో (ఇక్కడ మన ఇంటర్ లాంటి రెండేళ్ల చదువు) మ్యాథ్స్, హిస్టరీతో పాటు ఇంగ్లిష్ లిటరేచర్ చదువుతానని మా అమ్మాయి పట్టుబడుతోందని, ఇంగ్లండ్‌లో ఆ సబ్జెక్టుతో ముందు దారులుంటాయా అని పోయినేడాది ఇక్కడ అడిగాను. ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ థాంక్స్. తనకిప్పుడు ఇయర్ 12, అంటే ఎ-లెవెల్ మొదటి సంవత్సరం, పూర్తయింది.

వాళ్లది ఏక్యూఏ అనే పరీక్షల బోర్డు, అందులో స్పెసిఫికేషన్ ఏ అనే సిలబస్. మొదటి పేపరు 3 గంటలు, 75 మార్కులు. షేక్‌స్పియర్ నాటకం మీద ఒక ప్రశ్న, ముందెప్పుడూ చూడని రెండు కవితల పోలిక, ఆ తర్వాత చదివిన పుస్తకాల పోలిక. చివరి భాగానికి తప్ప పుస్తకం చూడనివ్వరు.

తనకి షేక్‌స్పియర్ నాటకాల్లో ఒథెల్లో వచ్చింది. తనతో పాటు నేనూ చదివాను. మన ఇంటర్‌లోలా క్యారెక్టర్ స్కెచ్ బట్టీ పడితే ఇక్కడ మార్కులు రావు. భార్య గురించి ఇయాగో చెప్పిన అబద్ధాన్ని ఒథెల్లో ఎందుకు నమ్మాడన్నది చెప్తే చాలదు. మూడో అంకంలో ఇయాగో ఒథెల్లో మాటలనే తిరిగి అంటూ, సగంలో ఆగిపోతూ అనుమానం ఎలా నాటాడో, అంటే షేక్‌స్పియర్ దాన్ని ఎలా రాశాడో చూపించాలి. వేరేవాళ్లు ఇంకోలా ఎలా అర్థం చేసుకోవచ్చో కూడా చర్చించాలి. ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది. ఇలా చదవడం ప్రతి పిల్లకీ రావాలి.

ఇప్పుడు కోర్స్‌వర్క్ (పరీక్ష హాల్లో కాకుండా విడిగా రాసిచ్చేది) టెన్షన్. రెండు పుస్తకాలు పోలుస్తూ 2,500 పదాల వ్యాసం, మొత్తం మార్కుల్లో 20 శాతం. ఒకటి 1900కి ముందుది కావాలి, అది ఎంచుకుంది. రెండోది వెతుకుతోంది.

తర్వాత లా చదువుతానంటోంది. లాకి ఫలానా సబ్జెక్టే ఉండాలని యూనివర్సిటీలు సాధారణంగా అడగవు కాబట్టి ఆ బెంగ తీరింది.