‘ఎమోషనల్ అత్యాచార్’కి తెలుగులో ఏం వేయాలి?

బ్రహ్మపురం (ఒడిశా) నుంచి:
‘దేవ్ డి’ (2009)కి తెలుగు సబ్‌టైటిళ్ళు రాస్తున్నాం. శరత్ 1917 నాటి దేవదాసుని పంజాబుకీ ఢిల్లీకీ లాక్కొచ్చిన హిందీ సినిమా. పారో పెళ్ళిలో దేవ్ తాగి తూలుతుంటే బ్యాండువాళ్ళు అందుకునే పాట ‘ఎమోషనల్ అత్యాచార్’. అక్కడ ‘అత్యాచారం’ అని వేస్తే తెలుగు చదివేవాళ్ళకి వేరే నేరం కనిపిస్తుంది. ఒడియా బడిలో చదువుకున్న కుర్రాళ్ళేమో ‘అందులో తప్పేటి?’ అంటున్నారు. ఏం వేయమంటారు?

పర్లాకిమిడి నుంచి:
కుర్రాళ్ళదీ తప్పు కాదండి. అతి + ఆచారం, యణాదేశ సంధి. హద్దు మీరిన నడత అని అసలు అర్థం. ఒడియా, హిందీ, బెంగాలీల్లో అది జులుం దగ్గరే ఆగింది. అత్యాచారి రాజు అంటే వాళ్ళకి జనాన్ని పీడించినవాడు. మనకీ ఆ అర్థం పూర్తిగా చావలేదు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం పేరు చూడండి, అక్కడ అట్రాసిటీ అనే ఉద్దేశమే. కానీ పేపర్ల వాడుకలో మానభంగం, బలాత్కారం ఉండే చోటుని ఈ మాటే ఆక్రమించేసింది.

ఎదురు దారిలోనూ ఇదే తంటా. ఒడియా పేపర్లో ‘దుష్కర్మ’ అని హెడ్డింగు ఉంటే అది మన పేపర్లో అత్యాచారం. మనకి దుష్కర్మంటే ఏ పూర్వజన్మలోనో చేసుకున్న పాపం.

రాయగడ నుంచి:
వ్యుత్పత్తి సరిగ్గా ఉన్నప్పుడు అత్యాచారం అనే ఉంచి, పక్కన బ్రాకెట్లో ‘పీడన’ అని పెడితే పోలేదా?

పర్లాకిమిడి నుంచి:
గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూచుని వాడుకని కాదనమంటారా బాబూ! పైగా తెర మీద మూడు సెకన్లుండే పంక్తికి వివరణ కూడానా? అది చదివేలోగా పల్లవి దాటిపోతుంది.

జయపురం నుంచి:
‘మానసిక హింస’ మాత్రం వద్దు, విడాకుల పిటిషన్ చదివినట్టుంటుంది. ‘టార్చర్’ నోట్లో నలిగిన మాటే, కానీ ఆ పాటలో నవ్వంతా ఇంగ్లీషు ముక్క పక్కన బరువైన సంస్కృతం వచ్చి పడడంలోనే ఉంది. రెండూ ఇంగ్లీషయితే చప్పబడిపోతుంది. నా ఓటు ‘ఎమోషనల్ దౌర్జన్యం’కి.

గురువులు లెక్కపెట్టండి. అత్యాచార్: ‘త్యా’ ముందున్న అకారం గురువు, త్యా గురువు, చార్ గురువు. మగణం. దౌర్జన్యం: దౌ, ‘న్యం’ ముందున్న జ, న్యం, మూడూ గురువులే. టార్చర్‌కి రెండే, చివరి డోలు దెబ్బకి అక్షరం మిగలదు. సబ్‌టైటిల్‌ని ఎవరూ పాడరు, నిజమే. అయినా బ్యాండు మోగుతుంటే కన్ను ఆ దరువు మీదే చదువుతుంది.

పల్లవిలో ‘తేరా ఎమోషనల్ అత్యాచార్’ అని ఉంది కదా, ఆ ‘తేరా’కి ‘నీ’ చాలు. ‘దౌర్జన్యం చేశావే’ అన్నా ‘చేశావురా’ అన్నా ఎదుటివాళ్ళు ఆడో మగో తేలిపోతుంది. హిందీలో అలా తేలదు, ‘తేరా’ రూపం అత్యాచార్ పుంలింగం కాబట్టి వచ్చింది, మనిషిని బట్టి కాదు. దౌర్జన్యం ఎవరిదో తేల్చకుండా వదలడమే మేలు. నవలలో గాలం కర్రతో పార్వతి నుదుటి మీద కొట్టినవాడు దేవదాసే కదా.

బ్రహ్మపురం నుంచి:
దౌర్జన్యం ఖాయం. మరి పేర్లు? బెంగాలీలో దేబ్‌దాశ్, ఇక్కడి ఒడియాలో దేబొదాసొ, మనకి ఉకారం తగిలించి దేవదాసు.

జయపురం నుంచి:
సినిమాలో పిలిచేది దేవ్ అని, దేవ్ అనే వేయండి. పారో కూడా అంతే. ‘పారు’ అని దిద్దితే చెవికొకటి, కంటికొకటి అవుతుంది.

జాగ్రత్త పడాల్సింది మూడో పేరుతో. ఈ సినిమాలో వేశ్యగా మారిన పిల్ల, దేవదాసు కథలోని చంద్రముఖి పేరు చూసుకుని ‘చందా’ అని పెట్టుకుంటుంది. దాన్ని దీర్ఘంతో వేశారో, వినాయకచవితి చందా అయిపోతుంది. మన క్రియల్లో ఆవిడకీ వస్తువుకీ తేడా లేదు, ‘చందా వచ్చింది’ అంటే రసీదు పుస్తకం గుర్తొస్తుంది. ‘చంద’ అని హ్రస్వం వేయండి. ‘చందాని పిలువు’ లాంటి చోట దీర్ఘం దొంగచాటుగా దూరుతుంది, ఫైలంతా ఓసారి వెతికి ‘చందని’ చేయండి.