మిశ్ర చాపా, మిశ్ర సాపా?

మా నాన్న గురజాడ ‘గుత్తునా ముత్యాల సరములు’ చదివేటప్పుడు తొడ మీద దరువేస్తూ “ఇది చాపురా, ఏడు” అనేవారు. తర్వాతి పాదాలు సగమే గుర్తున్నాయి గానీ ఆ దరువు మాత్రం చేతిలో ఉండిపోయింది. ఇప్పుడు మా అమ్మాయికి సంగీతం చెప్పే టీచరుగారు ఆ ఏడు మాత్రల తాళాన్నే ‘మిశ్ర సాపు’ అంటున్నారు. ఏది సరి? అసలు ఆ మాటకు అర్థం ఏమిటి?

— చాపే. కాళ్లు చాపడంలో చాపు. తకిట మూడు, దాన్ని కాస్త చాపితే తకధిమి నాలుగు. అయిదు మాత్రల ఖండచాపులో రెండు, మూడు, అక్కడా రెండోదే పొడుగు. పంచెల చాపులో ఉన్నదీ ఇదే మాట.

— అలాగైతే విలోమ చాపు సంగతేమిటి మాస్టారూ? శ్యామశాస్త్రిగారి పూర్వీకల్యాణి రాగ కృతి ‘నిన్ను వినగా మరి’లో నాలుగు ముందు, మూడు తర్వాత. అది చాపడమా, ముడవడమా? నాకైతే తమిళ ‘సాయ్’, అంటే వాలడం, అదే మూలమనిపిస్తుంది. సరిసగం కాకుండా ఒక పక్కకి ఒరిగిన తాళం.

— విలోమం అంటేనే తిరగేసింది. అంటే అసలుది చాపడమేనని మీరే ఒప్పుకున్నట్టు. ఇక ‘స’ కోసం తమిళం దాకా ఎందుకండీ, మా కరీంనగర్‌లో కాళ్లు సాపుకొని కూసుంటం అనే అంటాం.

— నాకు చాపు అంటే క్షేత్రయ్యే. పాత పుస్తకాల్లో ఆయన పదాలు చాలావాటికి త్రిపుట తాళం అని ఉంటుంది, ఇప్పుడు పాడేది మిశ్రచాపులో. రెండూ ఏడే, కానీ త్రిపుటలో వేళ్లు లెక్కపెట్టాలి, చాపులో దెబ్బలే. విలంబంలో, అంటే నెమ్మదిగా పాడితే, ఆ పదాల్లోని నాయిక నిష్ఠూరం ఎంత సాగుతుందో, ఆయన ముద్ర ‘మువ్వగోపాల’ దగ్గరికి వచ్చేసరికి కోపమంతా కరిగిపోతుంది. వేగంగా పాడేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

— గురజాడను వదిలేశారు. దెబ్బలు 1, 4, 6 మాత్రల మీద వేసి చూడండి: గు, నా, ము. అక్కడికి ఏడు అయిపోయాయి. ‘త్యా’తో కొత్త ఆవర్తం, అంటే తాళం మళ్లీ మొదటికి. ‘ముత్యాల’ అనే మాట రెండు ఆవర్తాల మధ్య విరుగుతుంది, అందం అంతా అక్కడే. మాట విరక్కూడదని ‘గుత్తునా’ దగ్గర ఆగి చదివితే నడక పోతుంది. మన పాత ఛందస్సులోని వృషభగతి రగడ నడకే ఇది.

— ఇప్పుడే కొట్టి చూశాను. అవునండీ, నాన్న ‘త్యా’ మీదే గట్టిగా వేసేవారు! మరి టీచరుగారికి ఏమని చెప్పమంటారు?

— తమిళం వాళ్లు ‘చ’ని ‘స’ అంటారు, దాన్నిబట్టి…

— మళ్లీ తమిళమేనా? కరీంనగర్ మాటకు జవాబు చెప్పండి ముందు.