చెట్ల మధ్య ఇద్దరికి సరిపడే చిన్న కుటీరం: నేలకు హాని లేకుండా ఎలా కట్టాలి?

చింతనీడ:

అందరికీ నమస్కారం. మాకు అర ఎకరం స్థలం ఉంది, అందులో వెనుక సగమంతా పెద్ద పెద్ద చెట్లే. నెలకు నాలుగైదు రోజులు నేనూ నా భార్యా అక్కడ ఉండి చదువుకోవడానికీ, ఏ చప్పుడూ లేకుండా కూర్చోవడానికీ ఒక చిన్న కుటీరం కట్టుకోవాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాం. ఒక గది, ఒక వసారా, స్నానాల గది, అన్నీ కలిపి 25 చదరపు మీటర్లు దాటకూడదని ముందే నిర్ణయించుకున్నాం. వేసవిలో ఎండ తీవ్రంగా ఉంటుంది, వానాకాలంలో రోజుల తరబడి కురుస్తుంది. అక్కడికి కరెంటు లైను గానీ కుళాయి నీళ్లు గానీ రావు.

నేను గీసుకున్న చిత్తు నమూనాలో కుటీరం సరిగ్గా రెండు పెద్ద చెట్ల మధ్యన, కాంక్రీటు దిమ్మె మీద ఉంది. లోపల కూర్చున్నా చెట్ల కిందే ఉన్నట్టు అనిపించాలని మూడు వైపులా నేల నుంచి కప్పు దాకా అద్దాలే పెట్టాను. గీయడం పూర్తయ్యాక, ఏ చెట్ల కోసం అక్కడికి వెళుతున్నామో వాటి మొదళ్లలోనే కాంక్రీటు పోయబోతున్నానేమోనన్న అనుమానం పట్టుకుంది. ఇందులో ఏది ఉంచాలో, ఏది మార్చాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పునాదిరాయి:

మీ అనుమానం సరైనదే. చెట్టు వేళ్లు లోతుకు దిగుతాయని మనం అనుకుంటాం గానీ, నీటినీ పోషకాలనూ పీల్చే సన్నని వేళ్లలో ఎక్కువ భాగం పైనున్న 60 సెంటీమీటర్ల మట్టిలోనే, కొమ్మల నీడను దాటి చాలా దూరం పరుచుకుని ఉంటాయి. వాటి మీద దిమ్మె పోస్తే వానా గాలీ అందవు. దిమ్మె పోయకపోయినా, ఇసుక లారీ నాలుగుసార్లు తిరిగితే చాలు, మట్టి గట్టిపడి వేళ్లకు ఊపిరాడదు. నేను మొదట కట్టిన గది పక్కన ఉన్న చెట్టు ఆ ఏడు పచ్చగానే ఉంది. మూడో ఏట పైకొమ్మల నుంచి ఎండడం మొదలైంది. అప్పటికి చేయగలిగింది ఏమీ లేకపోయింది, ఆ బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు.

చెట్ల దగ్గర కట్టేటప్పుడు బ్రిటన్‌లో పాటించే బీఎస్ 5837 ప్రమాణం ఒక తేలిక లెక్క చెబుతుంది: నేల నుంచి మీటరున్నర ఎత్తులో మాను వ్యాసాన్ని కొలిచి, దానికి 12 రెట్ల దూరం వరకు చుట్టూ నేలను ముట్టుకోకూడదు. ముందు తాడు తీసుకెళ్లి ఆ వలయాలు గీసి చూడండి. వాటి బయట, ఇప్పటికే ఖాళీగా ఉన్న చోటునే ఎంచుకోండి. దిమ్మె బదులు, విడివిడి రాతి పాదాల మీదనో స్క్రూ పైల్స్ (మరలా తిప్పి నేలలోకి దించే ఇనుప స్తంభాలు) మీదనో స్తంభాలు నిలబెట్టి, గచ్చును నేలకు అర మీటరు పైకి లేపండి. కింద నుంచి గాలీ వాన నీరూ తమ దారిన తాము పోతాయి. గుంతలను మనుషుల చేతనే తవ్వించండి, లావుపాటి వేరు కనబడితే వేరును నరకకుండా గుంతనే జరపండి. స్తంభానికీ రాతికీ మధ్య అంచులు కిందికి వంచిన లోహపు పళ్లెం పెడితే చెదలు చాటుగా ఎక్కలేవు. పైకి వస్తే వాటి మట్టి దారి కంటికి కనబడుతుంది.

వసారా:

పునాది గురించి పై సలహాతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అద్దాల గురించి మాత్రం గట్టిగా చెప్పాలనిపిస్తోంది. మధ్యాహ్నపు ఎండ ఎత్తు నుంచి పడుతుంది కనుక వెడల్పాటి చూరు దాన్ని ఆపగలదు. ఉదయం, సాయంత్రం ఎండ ఏటవాలుగా వస్తుంది, దాన్ని ఏ చూరూ ఆపలేదు. తూర్పు పడమరల్లో నిలువెత్తు అద్దాలు పెడితే ఎండ లోపలికి వచ్చి గచ్చునూ గోడలనూ కాలుస్తుంది, అవి వెలువరించే వేడి మాత్రం అద్దం గుండా అంత తేలికగా తిరిగి బయటికి పోదు. అప్పుడు తెరలు వేసుకుని కూర్చోవలసి వస్తుంది, ఇక చెట్లు కనిపించేదెక్కడ?

ఆ రెండు దిక్కులా ఎత్తున చిన్న కిటికీలు చాలు. చెట్లు బాగా కనిపించే వైపు ఒకే ఒక పెద్ద కిటికీ పెట్టి, దాని అడుగు గట్టును 45 సెంటీమీటర్ల ఎత్తులో, మనిషి కాళ్లు చాపుకుని ఆనుకునేంత వెడల్పుగా కట్టించండి. ఆ గట్టు మీద కూర్చున్నప్పుడు కంటికి ఎదురుగా ఆకాశం కాక మానులూ, వాటి కింద రాలిన ఆకులూ కనిపించాలి. అద్దంలో ఆకుల ప్రతిబింబాన్ని నిజమనుకుని పక్షులు వచ్చి కొట్టుకుంటాయి కనుక, బయటి వైపున రెండు అంగుళాలకు మించని ఎడంతో చుక్కలో గీతలో ఉండేలా చూడండి. లోపలి నుంచి అవి రెండు రోజుల్లోనే కంటికి ఆనడం మానేస్తాయి.

ఆధునిక వాస్తుశిల్పి లె కార్బూజియే 1950ల మొదట్లో మధ్యధరా తీరాన తనకోసం కట్టుకున్న ‘కబానో’ అనే చిన్న కుటీరం, ఒక్కో వైపు 3.66 మీటర్లు ఉన్న చదరపు గది మాత్రమే. కిటికీలు చిన్నవి, వంటగది లేదు, భోజనం పక్కనున్న పూటకూళ్ల ఇంట్లో. 2016లో అది ప్రపంచ వారసత్వ కట్టడాల జాబితాలో చేరింది. బయట సముద్రమూ చెట్లూ ఉన్నాయి కనుకనే ఆయనకు లోపల అంత తక్కువ చోటు సరిపోయింది. నా మాట వింటే గదిని 12 చదరపు మీటర్లకు కుదించి, మిగిలినదంతా వసారాకు ఇవ్వండి. వాన పడుతుండగా తడవకుండా ఆరుబయట ఉండగలిగేది వసారాలోనే.

వానచుక్క:

నీటి లెక్క సులభమే. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. చూరుతో కలిపి మీ కప్పు 35 చదరపు మీటర్లు అనుకుంటే, 10 మిల్లీమీటర్ల వానకు 350 లీటర్లు, చిందినవీ ఆవిరైనవీ పోగా సుమారు 280 లీటర్లు తొట్టిలో చేరతాయి. ఇద్దరూ పొదుపుగా రోజుకు 100 లీటర్లు వాడితే దాదాపు మూడు రోజులకు సరిపోతుంది. కప్పును కడిగే మొదటి 35 లీటర్లను పక్కకు మళ్లించే గొట్టం తప్పనిసరి. తాగే నీటిని వడకట్టి మరిగించండి.

ఇంత తక్కువ నీటితో ఫ్లష్ మరుగుదొడ్డి నడవదు. మూత్రాన్ని వేరు చేసే పొడి మరుగుదొడ్డి పెట్టి, వాడిన ప్రతిసారీ రంపపు పొట్టు చల్లితే వాసన రాదు. ఎరువుగా మారే గుంత మాత్రం బావికీ వాగుకూ కనీసం 30 మీటర్ల దూరంలో ఉండాలి.

కరెంటు విషయానికి వస్తే, నాలుగు 5 వాట్ల దీపాలు ఐదు గంటలూ, 30 వాట్ల ఫ్యాను పది గంటలూ నడిస్తే రోజుకు 400 వాట్ అవర్లు. 200 వాట్ల సౌర ఫలకం ఒకటి సరిపోతుంది, కానీ దాన్ని చెట్ల నీడ పడని చోట నిలబెట్టాలి. ఫ్రిజ్ కావాలంటే మొత్తం లెక్క మారిపోతుంది. రాత్రి దీపాలు పసుపు వెలుగువై, కాంతి కిందికే పడేలా ఉంటే పురుగులకూ వాటిని తినే జీవులకూ ఇబ్బంది తగ్గుతుంది.

చింతనీడ:

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఆదివారం తాడుతో వెళ్లి కొలిచాను. పెద్ద మాను చుట్టుకొలత 190 సెంటీమీటర్లు, అంటే వ్యాసం 60, వలయం 7.2 మీటర్లు. రెండు వలయాలూ ఒకదానిలోకి ఒకటి చొచ్చుకున్నాయి, నా కుటీరానికి మధ్యలో అంగుళం చోటు కూడా లేదు. చెట్ల అంచున పాత కళ్లం ఉండేది, అక్కడ నేల ఎప్పుడో గట్టిపడి ఉంది. అక్కడికే మారుస్తున్నాం. ఇక ఒక్క సందేహం: స్తంభాల మీద మట్టి గోడలు కట్టవచ్చా?

పునాదిరాయి:

వద్దు. మట్టి గోడ బరువుకు రాతి పునాది నేల మీద వరుసగా ఉండాలి, స్తంభాలు దానికి చాలవు. ముదిరిన వెదురునో కలపనో బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీటిలో నానబెట్టి చట్రం కట్టి, తడికల మీద సున్నం మెత్తించండి. తేలికపాటి గోడలు వేడిని దాచుకోలేవు కనుక గది సాయంత్రానికే చల్లబడుతుంది, కానీ పగటి వేడి త్వరగా ఎక్కుతుంది. అందుకే మీ శ్రద్ధంతా కప్పు మీద పెట్టాలి: రేకు కింద గాలి ఆడే ఖాళీ, దాని కింద వేడిని ఆపే మందపాటి పొర, చూరు కనీసం 90 సెంటీమీటర్లు. ఇంకొకటి, కళ్లం వైపుకు వాలిన పెద్ద కొమ్మల్లో ఎండినవి ఏవైనా ఉన్నాయేమో కప్పు వేయకముందే చెట్లు ఎక్కడం తెలిసినవారికి చూపించండి.